పోర్టల్ అందరిదీ, పని నా ఒక్కదానిదీ... ఏం చేయమంటారు?

పేరు, ఊరు, శాఖ ఏవీ రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు, అందుకే నా మాటల్లో కుదించి చెబుతున్నాను.

ఆమె ఒక ప్రభుత్వ కార్యాలయంలో కొనుగోళ్ల సెక్షన్‌లో పనిచేస్తారు. పదకొండేళ్ల సర్వీసు. రెండేళ్ల క్రితం, ఇకనుంచి కొనుగోళ్లన్నీ ఆన్‌లైన్‌లోనే జరగాలని పైనుంచి ఆర్డర్ వచ్చింది. ఇండెంట్ (ఫలానా వస్తువు కావాలన్న అభ్యర్థన) పెట్టడం దగ్గర్నుంచి టెండర్ పిలవడం, బిడ్లు తెరవడం, ఆర్డర్ ఇవ్వడం, సరుకు అందినట్టు నమోదు చేయడం, బిల్లు పంపడం దాకా అన్నీ పోర్టల్‌లోనే. అందరినీ ఒక పెద్ద హాల్లో కూర్చోబెట్టి ప్రొజెక్టర్ మీద రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. ఈమెకి కంప్యూటర్ బాగా వచ్చని నోడల్ ఆఫీసర్‌ని చేశారు. మొదట్లో ఒకరిద్దరు "ఈ ఒక్కసారికి నువ్వే చేసిపెట్టమ్మా" అని తమ డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, అంటే కంప్యూటర్‌కి తగిలించి పిన్ కొడితే వాళ్ల పేరుతో సంతకం పడే చిన్న పరికరం, చేతికిచ్చారు. ఆ ఒక్కసారి అలా సాగి సాగి, ఇప్పుడు ఆమె డ్రాయర్‌లో తొమ్మిది మంది టోకెన్లున్నాయి. ఒక్కోదానికీ తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి దాని మీద పెన్నుతో పేరు రాసుకున్నారు. పిన్ నంబర్లు ఒక పాత డైరీ చివరి పేజీలో ఉన్నాయి. పైగా పోర్టల్‌లో తయారైన కంపారిటివ్ స్టేట్‌మెంట్‌ను (ఎవరు ఎంత ధర వేశారో పోల్చి చూపే పట్టికను) ప్రింట్ తీసి, దాని మీద అందరి చేతా ఇంకు సంతకాలు పెట్టించి, స్కాన్ చేసి మళ్లీ అదే పోర్టల్‌లో ఎక్కిస్తున్నారు, ఎందుకంటే సంతకం కనబడకపోతే అకౌంట్స్ వాళ్లు బిల్లు ముట్టుకోరు.

స్టోర్స్ చూసే పెద్దాయన ఒకరున్నారు. ఈమెకి పని నేర్పింది ఆయనే. తన రిజిస్టర్‌లో రాయనిదే ఒక్క వస్తువు కూడా లోపలికి రానివ్వరు, పోర్టల్ మాత్రం తెరవనే తెరవరు. ఒకసారి ఈమె కాస్త గట్టిగా అడిగితే రెండు వారాలు మాట్లాడటం మానేశారట.

పోయిన నెల సమీక్ష సమావేశంలో "నూటికి నూరు శాతం ఆన్‌లైన్, యూజర్లందరూ యాక్టివ్" అని చూపించి పై అధికారి ఈ ఆఫీసుని మెచ్చుకున్నారు. సరిగ్గా వారానికి, టెండర్ దక్కని ఒక సప్లయర్ సమాచారం కోరుతూ దరఖాస్తు పెట్టాడు. బిడ్లు తెరిచిన రోజు ఏ అధికారి ఎన్ని గంటలకు, ఏ కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యారో చెప్పమన్నాడు. ఆ రోజు బిడ్లు తెరిచే కమిటీ సభ్యుల్లో ఒకరు సెలవులో ఉన్నారు. ఆయన టోకెన్‌తో బిడ్ తెరిచింది ఈమే. అన్నిటికన్నా తక్కువ ధర వేసినవాళ్లకే ఆర్డర్ వెళ్లింది, ఒక్క రూపాయి తేడా లేదు, అయినా ఆమెకి అప్పట్నుంచి నిద్ర లేదు.

"నిజం చెబితే తొమ్మిది మందికీ శత్రువునవుతాను. చెప్పకపోతే ఏదో ఒక రోజు నా మెడకే చుట్టుకుంటుంది. సెక్షన్ మార్చమని అడగనా? అసలు రెండేళ్లయినా ఈ సిస్టమ్ ఇంతమందికి ఎందుకు ఎక్కడం లేదు? నేను సరిగ్గా నేర్పలేకపోయానా?" అని అడిగారు.

నా సమాధానం:

ముందు ఆ దరఖాస్తు సంగతి చూద్దాం, ఎందుకంటే దానికి గడువుంటుంది, మిగతావాటికి లేదు.

లాగిన్ లాగ్, అంటే ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో సిస్టమ్ రాసుకునే రికార్డు, ఉన్నదున్నట్టే ఉంటుంది, దాన్ని మీరు మార్చలేరు, మార్చాలన్న ఆలోచన కూడా రానివ్వకండి. ఆ సెలవు సంగతి బయటపడగానే ఆఫీసులో ఎవరో ఒకరు తప్పకుండా ఒక ఉపాయం చెబుతారు, ఆయన ఆ రోజు కాసేపు వచ్చి వెళ్లారని పాత తేదీతో ఒక కాగితం పుట్టిద్దాం అని. వద్దు. ఇప్పటిదాకా జరిగింది పద్ధతి తప్పడం. ఆ కాగితం పుడితే అది దొంగ కాగితం అవుతుంది, దాని మీద మీ చేతిరాత కూడా ఉంటుంది.

ఇక్కడ మీకు రెండు దారులున్నాయి. అడిగిన లాగ్ మాత్రం ఇచ్చి ఊరుకోవడం ఒకటి. అందులో అబద్ధం లేదు, ఇవాళ్టికి గొడవ లేదు. కానీ ఆ సప్లయర్ అంత కచ్చితంగా లాగిన్ సమయాలే అడిగాడంటే సెలవు విషయం అతనికి ఇప్పటికే తెలిసి ఉండొచ్చు, తర్వాతి దరఖాస్తు హాజరు పట్టీ గురించే వస్తుంది, అప్పుడు మీరు దాచిపెట్టినట్టవుతుంది. రెండోది, సమాధానం బయటికి వెళ్లకముందే మీ అధికారికి జరిగింది జరిగినట్టు రాతపూర్వకంగా చెప్పడం. దీనికి ఇవాళే ధర చెల్లించాలి. మెమో రావచ్చు, మాట పడాల్సి రావచ్చు. కానీ తనంతట తాను చెప్పినవాళ్లని చూసే చూపు వేరు, పట్టుబడ్డవాళ్లని చూసే చూపు వేరు. నన్నడిగితే రెండోదే మేలంటాను. అయితే ఆ నోటు పెట్టేముందు రెండు పనులు చేయండి. సర్వీసు రూల్స్ తెలిసిన లాయర్‌కి గానీ, నమ్మకమైన సీనియర్‌కి గానీ ఆ ముసాయిదా చూపించండి. ఇంకోటి, ఆ రోజు సెలవులో ఉన్న సభ్యుడికి ముందు మీరే స్వయంగా చెప్పండి. ఆయన ఆ విషయం ఫైల్లో చూసి తెలుసుకోకూడదు.

ఆయనతో మాట్లాడేటప్పుడు, అంతా నా తప్పే అన్నట్టు కుంగిపోకండి. టోకెన్ ఇచ్చినవాళ్లకి కూడా అంత బాధ్యత ఉంది. ఎలక్ట్రానిక్ సంతకాల మీద ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్టాల సంఘం 2001లో ఒక నమూనా చట్టం తయారుచేసింది. సంతకం తాళంచెవి ఇంకొకరి చేతిలో దుర్వినియోగం కాకుండా జాగ్రత్తపడాల్సింది సంతకందారే అని అందులో స్పష్టంగా ఉంది. చాలా పోర్టల్స్‌లో బిడ్ తెరవడానికి ఇద్దరు ముగ్గురి తాళాలు కావాలని పెట్టేది కూడా ఇందుకే. బ్యాంకు లాకర్‌కి రెండు తాళాలు ఉన్నట్టన్నమాట. ఆ రెండూ ఒకే జేబులో ఉంటే రెండు తాళాలు పెట్టిన ప్రయోజనమేముంది? మీరు నిజాయితీపరులే, నేను నమ్ముతున్నాను. కానీ నిజాయితీ ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ లాగ్ విడదీసి చూపించదు, ఫలానా టోకెన్ ఫలానా కంప్యూటర్‌కి తగిలింది అని మాత్రమే చెబుతుంది. తొమ్మిది టోకెన్లూ మీ ఒక్క కంప్యూటర్‌కే తగిలాయి.

ఇది మీ ఒక్క ఆఫీసు బాధ కూడా కాదు. ఎలక్ట్రానిక్ కొనుగోళ్లలో అందరూ ఉదాహరణగా చెప్పే దేశం దక్షిణ కొరియా. వాళ్ల కోనెప్స్ సిస్టమ్ 2002లో మొదలైంది. అక్కడ కూడా డిజిటల్ సంతకం సర్టిఫికెట్లు అరువిచ్చి ఒకరి బదులు ఇంకొకరు బిడ్ వేయడం పెద్ద తలనొప్పి అయ్యి, 2010లో వేలిముద్ర పెడితే తప్ప బిడ్ వేయలేని పద్ధతి తెచ్చారు. అది సప్లయర్ల వైపు జరిగింది, మీ దగ్గర ఆఫీసర్ల వైపు జరుగుతోంది, అంతే తేడా.

ఇక మీ అసలు ప్రశ్న, ఎందుకు ఎక్కడం లేదు అన్నది. దీని గురించి నిదానంగా మాట్లాడదాం, ఎందుకంటే మిమ్మల్ని లోపల తినేస్తున్నది ఇదేననిపిస్తోంది.

మనిషి ఒక కొత్త సిస్టమ్‌ను ఎప్పుడు సొంతం చేసుకుంటాడు అన్నదాని మీద 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు రెండు ప్రశ్నలు ముందుపెట్టాడు. దీనివల్ల నా పని బాగుపడుతుందని నాకు అనిపిస్తోందా? దీన్ని వాడటం తేలికని అనిపిస్తోందా? ఆయన కొలిచి చూస్తే వాడకంతో ఎక్కువ ముడిపడి ఉన్నది మొదటి ప్రశ్నే. అంటే కాస్త కష్టమైనా తనకి పనికొస్తుందనుకుంటే తంటాలు పడి నేర్చుకుంటాడు, ఎంత సులువైనా తనకేం ఒరగదనుకుంటే దాని జోలికి పోడు. మీ ఆఫీసులో రెండు రోజుల ట్రైనింగ్‌లోనూ ఎక్కడ నొక్కితే ఏం వస్తుందో చెప్పి ఉంటారు. దీనివల్ల నీకేంటి అన్నది ఒక్కరికైనా చెప్పారా?

ఒకసారి ఒక్కొక్కరి కుర్చీలో కూర్చుని చూడండి. పోటీ పెరిగితే ప్రభుత్వానికి లాభం. ఆఫీసు చుట్టూ తిరగకుండా ఉన్నచోటు నుంచే బిడ్ వేయొచ్చు కాబట్టి సప్లయర్‌కి లాభం. రిపోర్టు ఒక్క క్లిక్‌తో వస్తుంది కాబట్టి మీ పై అధికారికి లాభం. మరి ఇండెంట్ పెట్టే గుమస్తాకి? ఆయనకి పాత పని పాతగానే ఉంది, దాని మీద కొత్త పని వచ్చిపడింది. కాగితం మీద రాయాలి, పోర్టల్‌లో కొట్టాలి, ప్రింట్ తీయాలి, సంతకాల కోసం మూడు గదులు తిరగాలి, స్కాన్ చేయాలి, ఫైల్ సైజు ఎక్కువైందని అది వెనక్కి కొడితే తగ్గించి మళ్లీ పెట్టాలి, ఈలోగా సెషన్ అయిపోయి మళ్లీ మొదటికొస్తే అప్పుడు "అమ్మా, కాస్త నువ్వు చెయ్యవా" అంటారు. ఆ మనిషిది బద్ధకం అని నేననను. లాభం ఇంకెవరికో వెళ్తూ బరువు మాత్రం తన మీద పడితే ఎవరైనా చేసేది అదే.

2003లో ఇదే డేవిస్, విశ్వనాథ్ వెంకటేష్, ఇంకో ఇద్దరు కలిసి ఈ పరిశోధనను ఇంకా ముందుకు తీసుకెళ్లారు. పైవాళ్లు ఏమంటారో, పక్కవాళ్లు ఏమనుకుంటారో అన్న ఒత్తిడి వాడకం తప్పనిసరి అయినచోటే, అదీ తొలిరోజుల్లోనే గట్టిగా పనిచేస్తుందని, అనుభవం పెరిగేకొద్దీ దాని పట్టు సడలుతుందని తేల్చారు. మీ ఆఫీసుకి అక్షరాలా సరిపోతుంది. ఆర్డర్ వచ్చిన ఊపుకి మొదటి నెలల్లో అందరూ లాగిన్ అయ్యారు. ఆ ఊపు అయిపోయింది. ఆ తర్వాత మనిషిని నిలబెట్టాల్సింది ఉపయోగం, పక్కనుండి సాయపడే ఏర్పాటు. ఆ సాయం చేసే మనిషిగా ఆఫీసు మిమ్మల్ని పెట్టింది. మీరు సాయం చేయబోయి, మొహమాటంతో, పనే చేసేశారు.

ఈ మాట మీకు నొప్పిగా ఉంటుందని తెలుసు. మీరు నేర్పలేకపోయారని కాదు, నేర్పాల్సిన అవసరమే లేకుండా చేశారు. మీ ఆఫీసులో సిస్టమ్‌ను ఒప్పుకున్నది ఒక్కరే, మీరు. మిగతా తొమ్మిది మంది ఒప్పుకున్నట్టు సమీక్షలో కనబడిందంటే అది మీ డ్రాయర్ పుణ్యమే. దీనివల్ల ఇంకో నష్టం కూడా ఉంది. ఆ స్కాన్ చేసి మళ్లీ ఎక్కించే పిచ్చి పని గురించి గానీ, మాటిమాటికీ లాగౌట్ అవ్వడం గురించి గానీ ఒక్క ఫిర్యాదైనా పైకి వెళ్లలేదు, ఎందుకంటే ఆ ఇబ్బంది పడ్డ చేతులు మీ రెండే. లెక్కలన్నీ నూరు శాతం చూపిస్తుంటే ఎవరు మాత్రం ఎందుకు బాగుచేస్తారు?

టోకెన్ల విషయంలో ఏం చేయొచ్చో ఆలోచిద్దాం. రేపు పొద్దున్నే తొమ్మిదీ తొమ్మిది మంది బల్లల మీద పెట్టేయొచ్చు. మీకు ఆ క్షణంలో ఊపిరాడుతుంది. కానీ మర్నాటి నుంచి కొనుగోళ్లు ఆగిపోతాయి, అత్యవసరంగా రావాల్సిన సరుకు నిలిచిపోతే "ఆవిడ మొండికేసింది" అనే మాట ఒక్కటే మిగులుతుంది, పాత కాగితం పద్ధతే నయమని అందరూ ఏకమవుతారు. అలాగని నెమ్మదిగా ఇద్దాంలే అనుకుంటే ఆ నెమ్మదికి అంతుండదు, రెండేళ్లు గడిచింది అలాగే.

నాకు తోచిన మధ్యేమార్గం ఏమిటంటే, పనిని బట్టి విడదీయండి. బిడ్ తెరిచే కమిటీ సభ్యుల టోకెన్లు మాత్రం ఒక్క రోజు కూడా మీ దగ్గర ఉంచుకోవద్దు. అవి ఈ వారమే తిరిగి వెళ్లిపోవాలి, తీసుకున్నట్టు రసీదు తీసుకోండి, ఎవరి పిన్ వాళ్లు మీ ముందే మార్చుకోవాలి. అక్కడ మొహమాటానికి చోటే లేదు, ఎందుకంటే అక్కడ పోటీలో ఉన్నవాళ్ల డబ్బూ నమ్మకమూ ఉన్నాయి. సెలవులో ఉన్న సభ్యుడికి బదులెవరు అన్నది కూడా రాతపూర్వకంగా ముందే తేల్చమని అడగండి. ఇండెంట్లు పెట్టేవాళ్ల టోకెన్లు కూడా అదే వారం ఎవరివి వాళ్లకి ఇచ్చేయండి, కానీ మొదటి మూడు నాలుగు ఇండెంట్లకి మీరు వాళ్ల పక్కన కూర్చోండి. మీ కుర్చీలో కాదు, వాళ్ల కుర్చీ దగ్గర, వాళ్ల కంప్యూటర్ మీద, వాళ్లకి ఆ రోజు నిజంగా కావాల్సిన వస్తువుతో. హాల్లో చూపించిన ఉత్తుత్తి టెండర్ ఎవరికీ గుర్తుండదు, తన సెక్షన్‌కి రావాల్సిన ప్రింటర్ తానే ఆర్డర్ పెట్టుకుంటే గుర్తుంటుంది. ఒక్క నియమం పెట్టుకోండి: మౌస్ మీరు ముట్టుకోకూడదు. చేయి లాగుతుంది, వాళ్లు తప్పు బటన్ మీదకి వెళ్తుంటే ప్రాణం విలవిల్లాడుతుంది, అయినా చేతులు కట్టుకుని కూర్చోండి.

ఇలా చేస్తే ఒకటి రెండు నెలలు పని నెమ్మదిస్తుంది. పోర్టల్ లెక్కల్లో మీ ఆఫీసు వెనకబడుతుంది. కాబట్టి మీ అధికారికి ముందే చెప్పాలి. ఆయన దగ్గరికి తొమ్మిది మంది మీద ఫిర్యాదుతో వెళ్లొద్దు. ఒక్క ఇండెంట్ తీసుకుని, అది మొదలైనప్పట్నుంచి బిల్లు దాకా ఎన్నిసార్లు ప్రింట్ అయ్యిందో, ఎన్నిసార్లు స్కాన్ అయ్యిందో, ఎన్ని సంతకాలు రెండోసారి పడ్డాయో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. డిజిటల్ సంతకం ఉన్నచోట ఇంకు సంతకం అడగొద్దని అకౌంట్స్‌కి ఆయన ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు, అందరికీ సగం బరువు దిగుతుంది. టోకెన్ తిరిగిచ్చే వారంలోనే ఆ సర్క్యులర్ కూడా వచ్చేలా చూసుకోండి. అప్పుడు ఆ తొమ్మిది మంది దృష్టిలో మీరు పని నెత్తిన పడేసిన మనిషి కాదు, ఒక పని తగ్గించి ఇంకో పని అప్పగించిన మనిషి. అందరూ అలాగే చూస్తారని మాట ఇవ్వలేను. ఇద్దరు ముగ్గురు ముఖం తిప్పుకుంటారు, కొన్నాళ్లు అది భరించాలి.

ఒకవేళ మీ అధికారి ఇవన్నీ విని "లెక్క తగ్గకూడదు, ఎప్పట్లాగే చేసేయ్" అంటే? అదీ జరగొచ్చు. అప్పుడు ఆ మాట రాతలో ఇవ్వమని మర్యాదగా అడగండి, లేదా మీరే "తమరు ఇలా ఆదేశించారు, నాకు ఈ ఇబ్బంది ఉంది" అని నోటు పెట్టండి. చాలామంది నోటితో చెప్పింది కాగితం మీద పెట్టరు. అక్కడితో ఆ ఒత్తిడి తగ్గే అవకాశం ఉంది.

ఇక స్టోర్స్ పెద్దాయన. ఆయన గురించి మీరు రాసిన పేరా రెండుసార్లు చదివాను. "మిషన్ ఆగిపోయిన రోజు నీ పోర్టల్ సాక్ష్యం చెప్పదమ్మా, నా రిజిస్టర్ చెబుతుంది" అన్నారట కదా. దాన్ని మీరు మొండితనం అనుకున్నారు, నాకు మాత్రం అందులో భయం వినబడింది. ఆ రిజిస్టర్ ఆయన చేతిరాత, ఏ పేజీలో ఏముందో ఆయనకి తెలుసు, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే తీసి చూపించుకోగలరు. పోర్టల్‌లో తను రాసింది ఎక్కడుంటుందో, ఎవరు మార్చగలరో ఆయనకి తెలియదు. ఆయనకి బటన్లు చూపించకండి. ఒక పాత ఎంట్రీ తెరిచి, దాన్ని ఎవరు ఎప్పుడు ముట్టుకున్నారో చూపించే చరిత్ర పేజీ చూపించండి. "సార్, ఇందులో కొట్టివేతకి కూడా తేదీ, సమయం, పేరు పడతాయి, మీ రిజిస్టర్‌లో దిద్దుబాటు పక్కన మీరు పొడి సంతకం పెడతారు చూడండి, అచ్చం అలాగే" అని చెప్పండి. ఉక్రెయిన్‌లో 2016లో ప్రభుత్వ సంస్థలన్నిటికీ తప్పనిసరి చేసిన ప్రొజోరో అనే ఆన్‌లైన్ కొనుగోళ్ల సిస్టమ్ నినాదం "అందరూ అన్నీ చూస్తారు". ఆ మాట వింటే తప్పు చేసేవాళ్లకి వణుకు పుడుతుంది, నిజమే. కానీ మీ పెద్దాయన లాంటి మనిషి ఇన్నేళ్లు పద్దు పొల్లు పోకుండా రాసిందంతా బీరువాలోనే ఉండిపోయింది, ఎవరూ చూడలేదు. ఆ కోణం ఆయనకి ఎవరైనా చెప్పి ఉంటారని నేననుకోను.

ఆయన రిజిస్టర్ మానేయమని మాత్రం అనకండి. ఇంకో ఆర్నెల్లు రెండూ నడవనివ్వండి. సరుకు లెక్కలో పోర్టల్‌కీ రిజిస్టర్‌కీ తేడా వస్తే ఎక్కడ తప్పిందో వెతికే పని ఆయనకే అప్పగించండి. ఆయన కంటికి దొరికే తప్పులు మీకూ నాకూ దొరకవు. రాకపోతే? ఆయన చివరిదాకా లాగిన్ కాకపోవచ్చు కూడా. అప్పుడు సరుకు అందినట్టు నమోదు చేసే బాధ్యత స్టోర్స్‌లో ఇంకొకరికి అధికారికంగా బదలాయించమని అడగొచ్చు, ఆయన ధ్రువీకరణతో. అది ఆయనకి కొంచెం చిన్నతనంగా అనిపిస్తుంది, అందుకే అది ఆఖరి దారిగా ఉంచుకోండి, అదీ ఆయనతో విడిగా మాట్లాడాకే.

సెక్షన్ మార్పు గురించి అడిగారు. అడగడం తప్పు కాదు, రెండేళ్లు తొమ్మిది మంది పని చేసిన మనిషికి విశ్రాంతి కావాలి. కానీ ఆ డ్రాయర్ అలాగే ఉంచి వెళ్తే తాళంచెవి మీ తర్వాత వచ్చే మనిషి చేతికి వెళ్తుంది, పాత లాగ్‌లు మాత్రం మీ కంప్యూటర్ మీదే ఉంటాయి. ముందు టోకెన్లు వెనక్కి వెళ్లాలి, ఆ దరఖాస్తుకి నిజమైన సమాధానం వెళ్లాలి. అప్పటికీ వెళ్లాలనే ఉంటే వెళ్లండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ఇంకొక్క మాట, డైరీ చివరి పేజీ గురించి. పిన్‌లన్నీ మారాకే దాన్ని చించండి, అంతకుముందు కాదు. ఎవరైనా అడిగితే ఆ పేజీ ఉండేదని, ఫలానా తేదీన తీసేశానని మీ నోటులోనే రాసుకోండి. మీ అధికారితో మాట్లాడాక ఏమైందో వీలైతే మళ్లీ రాయండి, ఎదురుచూస్తుంటాను.